మాత్ర ఎవరి చేతిలో ఉండాలి? ఆరోగ్యవరం నుంచి సుగ్గి మూట దాకా

గండికోట మీద రెండో భాగం ఎప్పుడు అని చాలామంది అడుగుతున్నారు. చేస్తా, తప్పకుండా చేస్తా. కానీ ఈరోజు కోటలు లేవు, రాజులు లేరు. ఈరోజు కథ మా జేజి మంచం కింద ఉండే ఒక బట్టలంగడి కవరుతో మొదలవుతుంది.

మీ ఇంట్లో కూడా ఉంటుంది అలాంటి కవరు. పెళ్ళికి చీరలు కొన్నప్పుడు ఇచ్చిన పెద్ద కవరు. అందులో పదేళ్ళ డాక్టరు చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, ఒక ఎక్స్‌రే, సగం వాడి వదిలేసిన మాత్రల షీట్లు. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ కవరు చంకలో పెట్టుకుని పోతారు. డాక్టరు పైనున్న రెండు చీటీలు చూస్తాడు. కవరు మళ్ళీ మంచం కిందికి పోతుంది. లోపల ఏముందో ఆ కవరు మోసేవాళ్ళకు తెలియదు.

మా జేజికి షుగర్. మాత్రలు రెండు నెలలు మింగి ఆపేసింది. "ఎందుకు ఆపినావ్?" అంటే, "బాగుండాను కదరా, ఇంకెందుకు?" అంది. తర్వాత కాలికి పుండు పడింది, అది మానలేదు. ఒక ఆసుపత్రికి తీసుకుపోయినా. పేరు వద్దులెండి. అక్కడ డాక్టరు బాగా తిట్టినాడు. "మీకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు" అన్నాడు. ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు, బయట వరుసలో వంద మంది ఉన్నారు. తిరిగి బస్సులో వస్తుంటే జేజి ఒక మాట అంది. "తిట్టినాడు సరే. బాగున్నప్పుడు కూడా ఎందుకు మింగాల్నో మాత్రం చెప్పలే."

ఆ మాట నా తలలో నుంచి పోలేదు. ఎందుకంటే అది మా జేజి ఒక్కదాని ప్రశ్న కాదు. ఒంట్లో బాగున్నప్పుడు కూడా నెలల తరబడి మందు మింగాలంటే మనిషి ఏం చేస్తాడు? ఎవరు చూసుకోవాలి? ఈ ప్రశ్నను డాక్టర్లు మొదట గట్టిగా అడిగింది షుగర్ విషయంలో కాదు, క్షయ విషయంలో. దానికి జవాబు వెతికిన చోట్లలో కొన్ని మనకు దగ్గరవే. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మదనపల్లెకు పోదాం. మదనపల్లె అంటే మనకు టమాటా మార్కెట్ గుర్తొస్తుంది. క్విజ్‌లు రాసేవాళ్ళకైతే, 1919లో టాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే అని తెలిసుంటుంది. ఇంకో సంగతి ఏందంటే, ఒకప్పుడు మదనపల్లె మన కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లాను కొత్తగా చేసినప్పుడు అటు పోయింది. ఆ ఊరి దగ్గర 1915లో ఒక ఆసుపత్రి తెరుచుకుంది. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం. క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి పెట్టినాయి. మొదట్లో దాన్ని నడిపింది క్రిస్టియన్ ఫ్రిమట్ మొల్లర్ అనే డెన్మార్క్ డాక్టరు. ఆ చోటుకు ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. ఎంత మంచి పేరో చూడండి.

అక్కడే ఎందుకు? రెండు వేల అడుగులకు పైన ఎత్తు, పొడి గాలి, ఎండ. క్షయకు అప్పటికి మందు లేదు. రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1882 మార్చి 24న ఆ జబ్బుకు కారణమైన క్రిమిని చూపించినాడు కానీ, క్రిమిని చంపేది మాత్రం అరవై ఏళ్ళ దాకా ఎవరి చేతికీ రాలేదు. కాబట్టి ప్రపంచమంతా ఒకటే పద్ధతి. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. దానికోసం కట్టినవే శానటోరియంలు.

శానటోరియంలో రోగి బతుకు ఎట్లుండేదో ఊహించుకోండి. నెలల తరబడి మంచం. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి. పొద్దున సాయంత్రం జ్వరం చూసి చార్టులో రాస్తారు. ఎప్పుడు నడవాలి, ఎంత దూరం నడవాలి, అన్నీ డాక్టరే చెబుతాడు. రోగి చేయాల్సిన పని ఒక్కటే, చెప్పింది వినడం. దీన్ని నేను ఎగతాళి చేయడం లేదు. మందు లేని కాలంలో అంతకంటే మంచి దారి ఎవరికీ తెలియదు. కఫం ఎక్కడ ఉమ్మాలి, దగ్గేటప్పుడు నోటికి ఏం అడ్డం పెట్టుకోవాలి అని రోగులకు ఓపిగ్గా నేర్పింది కూడా ఆ శానటోరియంలే. కానీ లెక్క చూడండి. పడకలు వేలల్లో ఉంటే దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు. రోజు కూలికి పోయే మనిషి ఏడాది పాటు మంచం మీద ఉంటే ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతుంది?

ఆరోగ్యవరం మంచాలకే పరిమితం కాలేదు, అది కూడా చెప్పాలి. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. క్రిస్టియన్ కొడుకు యోహానెస్ కూడా డాక్టరే. ఆయన ఆధ్వర్యంలో 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ మీద పెద్ద అధ్యయనం జరిగింది. ఆసుపత్రి లేచి ఊర్లోకి నడిచింది అన్నమాట. ఇప్పటికీ ఆ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అనే పేరుతో.

ఇక మందులు వచ్చినాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, తర్వాత పీఏఎస్ అనే మందు, 1952లో ఐసోనియాజిడ్. ఈ చివరిది చిన్న మాత్ర, చవక. మింగితే చాలు. ఇక్కడే కథ తిరిగింది. మాత్ర మింగడానికి మంచం ఎందుకు? శానటోరియం ఎందుకు? ఇంట్లో మింగరాదా?

చాలామంది పెద్ద డాక్టర్లు కుదరదన్నారు. పేదవాడి ఇల్లు ఇరుకు, తిండి సరిగా లేదు, పైగా చదువు లేదు. అట్లాంటి మనిషి చేతికి ఏడాది మందులు ఇస్తే మింగుతాడా? ఇంట్లో పిల్లలకు అంటించడా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు అభిప్రాయాలతో కాదు, పరీక్షతో తేల్చాలని 1956లో మద్రాసులో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ పెట్టినారు. మన ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి. మొదటి డైరెక్టర్ వాలెస్ ఫాక్స్.

వాళ్ళు చేసింది సూటిగా ఉంది. మద్రాసు నగరంలోని పేద క్షయ రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసినారు. ఒక గుంపు శానటోరియంలో. ఇంకో గుంపు సొంత ఇంట్లో. ఇద్దరికీ ఒకే మందులు, ఒక ఏడాది. శానటోరియంలో ఉన్నవాళ్ళకు మంచి తిండి, విశ్రాంతి, నర్సులు. ఇంట్లో ఉన్నవాళ్ళకు వాళ్ళ ఇల్లు ఎట్లుంటే అట్లే. చాలామంది పనికి కూడా పోయినారు.

1959లో ఫలితాలు అచ్చయినాయి. రెండు గుంపుల్లోనూ నయమైనవాళ్ళు దాదాపు సమానం. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబంలో వాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటలేదు కూడా. తర్వాత ఐదేళ్ళు వెంటబడి చూసినా అదే మాట. ప్రపంచంలో క్షయ వైద్యాన్ని మార్చేసిన పరిశోధనల్లో ఇదొకటి. అటు తర్వాత ఒక్కో దేశంలో శానటోరియంలు మూతపడుతూ వచ్చినాయి. పేదవాడు, చదువు లేనివాడు, గుడిసెలో ఉండేవాడు తన ఇంట్లోనే ఏడాది వైద్యం చేసుకోగలడని లోకానికి చూపించింది మన దక్షిణాది జనం. దీన్ని మన స్కూలు పుస్తకాల్లో ఒక్క పేజీలోనైనా పెట్టుంటే బాగుండేది.

కానీ ఆగండి. ఈ కథలో రెండో సగం ఉంది, నాకు అదే ఎక్కువ ముఖ్యం.

ఆ ఇంటి రోగులు వారం వారం సెంటర్‌కు వచ్చి మందులు తీసుకుపోయేవాళ్ళు. సెంటర్ వాళ్ళు చెప్పాపెట్టకుండా ఇళ్ళకు పోయి మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు. మూత్రం పరీక్ష చేసి మందు ఒంట్లోకి పోయిందా లేదా చూసేవాళ్ళు. ఎందుకంటే ఫాక్స్‌కు ఒక భయం ఉంది. రోగి తన మందు తానే క్రమంగా వేసుకుంటాడా అనే ప్రశ్న మీద ఆయన 1958లోనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసినాడు. ఆ భయం ఉత్తది కాదు. పీఏఎస్ రోజుకు గ్రాముల లెక్కన మింగాల్సిన మందు, కడుపులో తిప్పుతుంది. రెండు మూడు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్ళు కోలుకుంటుంది. అప్పుడు మనిషి ఏమనుకుంటాడు? మా జేజి అన్న మాటే. బాగుండాను కదా, ఇంకెందుకు?

అంటే మద్రాసు నుంచి రెండు పాఠాలు బయలుదేరినాయి. ఒకటి, రోగి చేతిలో మాత్ర పెట్టొచ్చు. రెండు, పెట్టినాక కాపలా కాయాలి. లోకం రెండో పాఠాన్ని ఎక్కువ గట్టిగా పట్టుకుందని నా అభిప్రాయం. మధ్యలో ఇంకో పని ఉందని, రోగికి ఎందుకో అర్థమయ్యేలా చెప్పడం అనే పని ఉందని, అది వెనకబడిపోయింది.

జనానికి తెలివి లేక జబ్బు ముదరబెట్టుకుంటారు అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? 1963లో దాని మీద ఒక అధ్యయనం వచ్చింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో చేసింది. తుమకూరు అంటే మన మడకశిర దాటితే వచ్చేదే. నేల అదే, వాన అంతే, జొన్న రాగి అవే. వాళ్ళు క్షయ ఉన్నవాళ్ళ దగ్గరికి పోయి అడిగినారు. నీకు ఏమైనా బాగలేదని తెలుసా? దిగులు పడినావా? ఎవరికైనా చూపించుకున్నావా? చాలామందికి తమ ఒంట్లో తేడా ఉందని తెలుసు. ఎక్కువమంది దిగులు పడినారు. సుమారు సగం మంది ఆసుపత్రి మెట్లు ఎక్కే ఉన్నారు. అక్కడ చాలామంది చేతిలో పెట్టింది ఏందో తెలుసా? దగ్గు మందు సీసా.

అదీ సంగతి. రోగి తన పని తాను చేసినాడు. అవతలివైపే పని జరగలేదు.

ఈ అధ్యయనం ఊరికే పోలేదు. జనం ఎటూ దగ్గరున్న ఆసుపత్రికి వస్తున్నారు కదా, అక్కడే కఫం పరీక్ష చేసి, అక్కడే మందులిద్దాం అనే ఆలోచన మీద దేశానికి జిల్లా క్షయ కార్యక్రమం తయారైంది. దాన్ని 1960ల మొదట్లో ముందుగా నడిపి చూసిన జిల్లా ఏది? మన అనంతపురం. రాయలసీమలో బతికేవాళ్ళకు ఇది ఎంతమందికి తెలుసో కామెంట్లలో చెప్పండి. నాకైతే ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా తెలియదు.

ఆ కార్యక్రమంలో రోగి నెలకు సరిపడా మందులు ఇంటికి తీసుకుపోయేవాడు. సగంలో ఆపినవాళ్ళు చాలామంది. మందులు అయిపోయి దొరకని రోజులు, బస్సు ఛార్జీకి డబ్బులేని రోజులు, ఒళ్ళు బాగయిందని మానేసిన రోజులు, అన్నీ అందులో ఉన్నాయి. చివరికి 1993లో ప్రయోగంగా మొదలుపెట్టి 1997 నుంచి దేశమంతా విస్తరించిన పద్ధతి డాట్స్. అప్పట్లో ఆరోగ్య కార్యకర్త కళ్ళముందు మాత్ర మింగాల్సి ఉండేది, వారానికి మూడు రోజులు. డాట్స్ వల్ల చాలా ప్రాణాలు నిలబడినాయి, అందులో అనుమానం లేదు. మందుల పెట్టె ఒక్కో రోగి పేరు మీద ముందే పక్కన పెట్టడం, కఫం పరీక్ష సరిగా చేయడం, ఇవన్నీ దానితోనే గట్టిపడినాయి. కానీ ఎదురుగా నిలబడి మింగించడం అనే ఆ ఒక్క అంశాన్ని విడిగా తీసి వేరే వేరే దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, ఇంట్లో తామే వేసుకున్నవాళ్ళకూ వీళ్ళకూ నయం కావడంలో పెద్ద తేడా కనబడలేదు. ఆ తర్వాత మన దేశంలోనే 99డాట్స్ అనే పద్ధతి వచ్చింది. మాత్ర షీటులో నుంచి తీస్తే వెనక దాగి ఉన్న ఒక ఫోన్ నంబరు కనబడుతుంది. దానికి ఉచితంగా కాల్ చేస్తే నువ్వు ఆరోజు మందు వేసుకున్నట్టు లెక్క. మెల్లగా నమ్మకం మళ్ళీ రోగి వైపు జరుగుతోంది అన్నమాట, ఫోన్ సాయంతో.

క్షయకైనా ఒక ముగింపు ఉంది. ఆరు నెలలో ఏడాదో మింగితే నయం. షుగర్‌కు, బీపీకి అది కూడా లేదు. ఐసీఎంఆర్ వాళ్ళ అధ్యయనం 2023లో అచ్చయింది, దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల మంది. వీళ్ళందరి ముందు నిలబడి బతికినంతకాలం ఎవరు మింగిస్తారు? ఒక లెక్క చేద్దాం. డాక్టరు నీకు నెలకు పది నిమిషాలు ఇచ్చినాడు అనుకో, అదే ఎక్కువ. ఏడాదికి రెండు గంటలు. ఏడాదిలో 8,760 గంటలు ఉంటాయి. మిగతా 8,758 గంటలు నీ షుగర్‌ను చూసుకునే డాక్టరు ఎవరు?

ఈ ప్రశ్నను షుగర్ వైద్యంలో తొందరగా పట్టుకున్నవాడు ఎలియట్ జోస్లిన్, అమెరికాలో బోస్టన్ డాక్టరు. 1922లో టొరంటోలో ఒక పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినారు. జోస్లిన్ అంతకంటే నాలుగేళ్ళ ముందే, 1918లో, రోగులు చదువుకోవడానికి షుగర్ మీద పుస్తకం రాసినాడు. నర్సులతో రోగులకు పాఠాలు చెప్పించినాడు. ఇన్సులిన్ వచ్చినాక సూది ఎట్ల వేసుకోవాలో, మూత్రంలో చక్కెర ఎంతుందో ఇంట్లోనే ఎట్ల చూసుకోవాలో నేర్పించినారు. మూత్రంలో నీలం రంగు ద్రావణం కలిపి వేడి చేస్తే, చక్కెర ఎక్కువుంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. మన ల్యాబుల్లో కూడా చాలా కాలం అదే చేసినారు. పాతికేళ్ళు, యాభై ఏళ్ళు షుగర్‌తో బతికిన రోగులకు జోస్లిన్ క్లినిక్ మెడల్స్ ఇచ్చేది. డాక్టరుకు కాదు, రోగికి మెడల్. నాకు ఆ ఆలోచన భలే నచ్చింది.

అయినా అందరూ జోస్లిన్‌లు కాదు. అమెరికాలోనే రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. పన్నెండేళ్ళప్పటి నుంచి షుగర్. 1969లో ఒక పత్రికలో రక్తంలో చక్కెర చూసే మిషన్ ప్రకటన చూసినాడు. మిషన్ మూడు పౌండ్ల బరువు. కొందామని పోతే, డాక్టర్లకూ ఆసుపత్రులకే అమ్ముతాం, రోగులకు అమ్మం అన్నారు. ఆయన భార్య డాక్టరు, ఆమె పేరుతో కొన్నాడు. రోజుకు ఐదారుసార్లు చూసుకుని, తన తిండిని, ఇన్సులిన్‌ను తానే సరిచేసుకున్నాడు. ఒళ్ళు బాగుపడింది. ఈ సంగతి మిగతా రోగులకు చెప్పాలని వ్యాసం రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. ఇంజనీరు మాట ఎవరు వింటారు? దాంతో నలభై ఐదేళ్ళ వయసులో మెడికల్ కాలేజీలో చేరి డాక్టరైపోయినాడు! ఈరోజు మెడికల్ షాపులో దొరికే గ్లూకోమీటర్ వెనక ఇంత పంతం ఉంది.

సరే, బోస్టన్ నుంచి మన సీమకు తిరిగి వద్దాం. కర్నూలు, కడప పల్లెల్లో బీపీ, షుగర్ మాత్ర ఇంటి దాకా ఎట్ల వచ్చింది?

కర్నూలు పెద్దాసుపత్రి ఉంది. మన రెండు జిల్లాల వాళ్ళే కాదు, అటు రాయచూరు, బళ్ళారి, ఇటు పాలమూరు వైపు నుంచి కూడా జనం అక్కడికి వస్తారు. జమ్మలమడుగులో మిషన్ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆసుపత్రి పాతది. పులివెందుల వై.ఎస్. రాజశేఖర రెడ్డి రాజకీయాల్లోకి రాకముందు డాక్టరుగా పనిచేసింది ఆ జమ్మలమడుగు ఆసుపత్రిలోనే. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంటుంది, అది మీకు తెలిసిందే. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకూ, ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బులకూ. గుండెకు స్టెంట్ వేయాలంటే పనికొస్తుంది. ఆ గుండె అక్కడిదాకా రాకుండా ఇరవై ఏళ్ళు మింగాల్సిన బీపీ మాత్ర సంగతి వేరు.

ఆ మాత్రను ఊర్లోకి తెచ్చింది 104 బండి. 2008లో మొదలై, పీహెచ్‌సీకి దూరంగా ఉన్న ఊళ్ళకు నెలకోసారి, చెప్పిన రోజున వచ్చేది. గర్భిణులను చూసేవాళ్ళు, బీపీ షుగర్ చూసి నెల మాత్రలు ఇచ్చేవాళ్ళు. మా ఊర్లో ఆ రోజు ముసలోళ్ళంతా రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్ళు, సంత మాదిరి. "నీకెంత వచ్చింది?" "నాకు రెండొందల పది." "అయితే నువ్వు చక్కెర ఫ్యాక్టరీ పెట్టొచ్చులే." నవ్వుకునేవాళ్ళు. నేను చిన్నప్పుడు అది చూసి ఏందో అనుకున్నా కానీ, ఇప్పుడనిపిస్తోంది, ఊర్లో మనుషులు తమ నంబర్లు నోటితో పలకడం నేర్చుకుంది ఆ బండి దగ్గరే. నీ నంబరు నీకు తెలియడం చిన్న సంగతి కాదు. 2023 నుంచి మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో డాక్టరే ఊరికి వచ్చే పద్ధతి కూడా పెట్టినారు.

బండి వచ్చిన రోజు మనిషి ఊర్లో ఉంటే అన్నీ బాగానే ఉంటాయి. లేకపోతే?

కోసిగి, మంత్రాలయం, ఆదోని, పెద్దకడుబూరు వైపు ఉండేవాళ్ళకు నేను ఏం చెప్పబోతున్నానో తెలిసిపోయుంటుంది. సుగ్గి. వాన లేక పంట పోయినా, ఉన్న పంట ఇంటికి వచ్చేసినా, ఇంక ఊర్లో పని ఉండదు. బియ్యం మూట, వంట సామాను, పిల్లలు, అన్నీ బండికెక్కించుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరుకు. రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇళ్ళకు తాళాలు. ఊర్లో మిగిలేది నడవలేని ముసలోళ్ళే. అందులో బీపీ ఉన్న నలభై ఐదేళ్ళ మనిషి ఉంటాడు. షుగర్ ఉన్న అక్క ఉంటుంది. వాళ్ళ మందు ఊర్లో ఆగిపోతుంది, మనుషులు గుంటూరులో ఉంటారు.

అక్కడ చేను గట్టు మీద గుడారం. పక్క ఊర్లో ఆర్‌ఎంపీ. "నువ్వు ఏ మాత్ర వాడుతున్నావ్?" అంటే, "తెల్లది, చిన్నది" అంటారు. సగం మాత్రలు తెల్లగా చిన్నగానే ఉంటాయి కదా! పొద్దున్నే తినకుండా చేలో దిగి మధ్యాహ్నం దాకా కోస్తే, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. దాన్ని ఎండదెబ్బ అనుకుని నీడలో పడుకోబెడతారు. ఆ నిమిషంలో కావాల్సింది నోట్లో ఇంత చక్కెరో బెల్లమో. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ రెండు మాటలు ఆమెకూ, ఆమె పక్కన కోసే మనిషికీ ముందే తెలిసుంటే ప్రాణం నిలుస్తుంది. డాక్టరు అక్కడ లేడు, ఉండడు.

కాబట్టి రోగి తన జబ్బును తాను చూసుకోవడం అనేది పట్నంలో చేతికి స్మార్ట్‌వాచ్ కట్టుకున్నవాళ్ళ వ్యవహారం అనుకోవద్దు. ఆసుపత్రికి ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ అవసరం అది.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి, లేకపోతే కామెంట్లలో గొడవలవుతాయి. ఒకటి. నీ జబ్బు నీ చేతిలో అంటే మందులు పారేసి యూట్యూబ్‌లో చెప్పిన కషాయం తాగమని కాదు. కొర్రలు, సామలు తినండి, మన సీమ తిండే అది, మంచిదే. కానీ అవి తింటున్నాం కదా అని డాక్టరును అడగకుండా ఇన్సులిన్ ఆపొద్దు. బెర్న్‌స్టీన్ కొలిచినాడు, రాసుకున్నాడు, దాన్ని బట్టి మార్చుకున్నాడు. మిషన్ కొని మందు పారేయలేదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. "నీ ఆరోగ్యం నీ బాధ్యత" అనే మాటను తిట్టడానికి వాడేవాళ్ళు ఉన్నారు. పీహెచ్‌సీలో మాత్రల స్టాకు లేకపోతే అది రోగి తప్పు కాదు. ఇంట్లో ఊరగాయ, మజ్జిగ తప్ప కూర లేనివాడికి ఉప్పు తగ్గించు అని చెప్పి చేతులు దులుపుకుంటే అది వైద్యం కాదు. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు చాలా కూర్చుని చేసిన ప్రకటనలో, తమ ఆరోగ్యం గురించిన పనిలో పాల్గొనడం జనానికి హక్కు, బాధ్యత కూడా అని రాసుకున్నారు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. బాధ్యత గుర్తు చేసేవాళ్ళు హక్కును మింగేస్తుంటారు, అంతే.

మరి మనం, ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళం, ఏం చేయొచ్చు? నేను చేసింది చెబుతా. ఒక ఆదివారం ఆ బట్టలంగడి కవరు విప్పినా. చీటీలన్నీ తేదీల వరసలో పెట్టి ఫోటోలు తీసి, జేజి పేరుతో ఒక ఆల్బమ్ చేసి, మా చిన్నాయన ఫోన్‌కూ పంపినా. మాత్రల షీట్లకు ఫోటో తీసినా, పేరు కనబడేలా. ఎందుకంటే షీటు చివర కత్తిరిస్తే పేరు పోతుంది. ఇప్పుడు ఎక్కడి డాక్టరు అడిగినా "తెల్లది, చిన్నది" అని చెప్పే పని లేదు. ఆ తర్వాత జేజిని కూర్చోబెట్టి, మూడు నెలల సగటు చక్కెర పరీక్ష కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి చూపించినా. మాత్ర మింగిన నెలల్లో ఇంత, ఆపిన తర్వాత ఇంత. "నొప్పి లేకపోయినా లోపల ఇది పెరుగుతానే ఉంటుంది జేజీ. కాలి పుండు మానకపోవడానికి కారణం ఇదే" అన్నా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట అప్పుడే చెప్పింటే సరిపోయేది కదా" అంది.

జేజికి చదువు రాదు. నేను యాప్‌లో రిమైండర్ పెడతా అంటే వద్దంది. ముప్పై ఏళ్ళు పాలు పోసింది ఆమె. ఎవరి ఇంటికి ఎన్ని లీటర్లో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టేది, నెలాఖరుకు ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు. ఇప్పుడు అదే గోడ మీద, పొయ్యి పక్కన, మాత్రకు ఒక గీత. నాలుగు నిలువు, ఒక అడ్డం. పోయిన నెల ఊరికి పోయినప్పుడు లెక్కపెట్టినా. రెండు రోజులు గీత లేదు. ఎందుకని అడిగితే, పెద్దమ్మ ఇంట్లో దేవర అంట, కవరు తీసుకుపోవడం మర్చిపోయిందంట. ఈసారి ఊరికి పోయేటప్పుడు రెండు రోజుల మాత్రలు కొంగుకు కట్టుకుని పోతానంది.

మీ ఇంట్లో కవరు ఎక్కడుందో చూసి, అందులో అన్నిటికంటే పాత చీటీ ఏ ఏడాదిదో కామెంట్ పెట్టండి. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి పోయినవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, అక్కడ మందులు ఎట్ల తెచ్చుకున్నారో రాయండి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దామని ఉంది. వచ్చే వారం మాత్రం గండికోట రెండో భాగం, మాట ఇచ్చినా కదా. ఉంటా.